పవనాశనుడికి పాలు పోసే ముందు

కార్తీక శుద్ధ చవితి, అంటే నాగుల చవితి నాడు తలంటు పోసుకుని, ఉపవాసముండి పుట్ట దగ్గరికి వెళ్తాం. అక్కడ జరిగేది చూస్తే మనసు చివుక్కుమంటుంది. ప్యాకెట్లకు ప్యాకెట్ల పాలు, గుడ్లు, దోసెడు పసుపు కుంకుమ, అన్నీ ఆ కన్నంలోకే. దీపావళికి మిగిలిన టపాకాయలూ అక్కడే. లోపల నాగేంద్రుడున్నాడని నమ్మేవాళ్లు చేసే పనేనా ఇది?

పెద్దలు పామును ఎంత దగ్గరగా చూశారో అమరకోశంలోని పేర్లే చెబుతాయి. చక్షుశ్శ్రవుడు, అంటే కన్నే చెవిగా గలవాడు. పాములవాడి బూరకు పడగ ఊగేది బూర కదలికను చూసే గానీ పాట విని కాదు. పాముకు బయటి చెవి లేదు, కర్ణభేరీ లేదు. లోపలి చెవి మాత్రం ఉంది. దవడ నేలకానించి పడుకుంటే మట్టిలోని అదురు ఎముక వెంట అక్కడికి చేరుతుంది. గాలిలో వచ్చే మంద్రమైన చప్పుళ్లూ కొంత తెలుస్తాయి. ఇక పుట్ట పక్కన బాంబు పేలిస్తే ఆ ప్రాణం ఏమైపోవాలి?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేరు పవనాశనుడు, గాలిని భుజించేవాడు. గాలిని రుచి చూడటానికి పాము నోరు తెరవదు. పెదవి మధ్యనున్న చిన్న నొక్కులోంచి నాలుక బయటికొచ్చి, గాలిలో ఆడి, లోపలికి పోతుంది. దానికంటిన వాసన అంగిట్లోని రెండు సన్నని రంధ్రాలకు అందుతుంది. నాలుక రెండుగా చీలి ఉండటం అందుకే: కుడి కొనకు వాసన ఎక్కువ తగిలితే ఎలుక కుడివైపు పోయినట్టు. ద్విజిహ్వుడన్న మాటను మనం చాడీకోరుకు తిట్టుగా వాడుకున్నాం గానీ, స్వామికి దారి చూపేది ఆ రెండు కొనలే. కన్నం ముందు కర్పూరం, అగరొత్తులు గుప్పిస్తే ఆయన కళ్లకు గంతలు కట్టినట్టే.

పాలు అరిగించుకునే శక్తి పాముకు లేదు. పండగ ముందు పాములవాడు దాన్ని రోజుల తరబడి నీళ్లు లేకుండా ఎండగడితే దాహానికి గిన్నెలో మూతి పెడుతుంది, ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది. బుట్టలో పామును తెచ్చినవాడికి దక్షిణ ఇవ్వకండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని పట్టడమే నేరం.

పుట్ట కట్టింది చెదలు. గాలి ఆడటానికి అవి వదిలిన సన్నని దారులు పాలకు ముద్దయి మూసుకుపోతాయి. మర్నాటికి పాలు పులిసి చీమలు పడతాయి. అప్పుడు పాము ఇల్లు వదిలి వచ్చేది మన పెరట్లోకే. ఉద్ధరిణెడు పాలు చాలు, అదీ కన్నానికి మూరెడు ఇవతల, నేల మీద. చలిమిడి, చిమ్మిలి ఆకులో పెట్టి నివేదించి ఇంటికి తెచ్చుకోండి. పసుపు కుంకుమలు రావిచెట్టు కింది నాగశిలకు పెట్టండి.

గుడ్డులోంచి వచ్చిన నాగుపాము పిల్లకు అప్పుడే విషముంటుంది, పడగ విప్పుతుంది, నాలుక ఆడిస్తుంది. తల్లి గుడ్లకు కాపలా కాస్తుంది గానీ పిల్లలకు ఏదీ నేర్పదు. అనుభవం మీద నేర్చుకునేదీ ఉంది. గట్టి బూరకు పదే పదే ముట్టె కొట్టుకున్న పాము కాటు మానేస్తుంది. మనం దాన్ని భక్తి అనుకుంటాం.

"తోక తొక్కితే తొలగిపో" అని వేడుకునే మనం పొలం గట్టు మీద కర్రతో నేల తట్టుకుంటూ నడవాలి. అప్పుడు తొలగిపోవడానికి ఆయనకు వ్యవధి దొరుకుతుంది. పుట్ట దగ్గర మాత్రం మెల్లగా అడుగు వేయండి, పిల్లల్ని గెంతనీయకండి. పుట్ట బంగారం చెవులకు అద్దుకునేటప్పుడు కాసేపు కదలకుండా నిలబడండి. అదే మట్టికి దవడ ఆనించి లోపల ఆయన వింటున్నాడు.