అడిస్ అబాబాలో సలహాలు చెప్పే ఉద్యోగం

అడిస్ అబాబా వచ్చి ఆరేళ్ళయింది, నేను చేసే పనేంటో ఇంట్లోవాళ్ళకి ఇంకా అర్థం కాలేదు. "ఎవరికో సలహాలు చెప్తాడంట, దానికి జీతం కూడా ఇస్తారంట" అని మా అత్త అందరికీ చెప్తుంటుంది. ఒక రకంగా కరెక్టే. ఇథియోపియాలో ఫ్యాక్టరీ పెడదామని బయటినుంచి వచ్చేవాళ్ళకి లైసెన్సు, భూమి, బ్యాంకు, కస్టమ్స్, వీటిల్లో ఎక్కడ కాలు జారుద్దో ముందే చెప్పాలి, అంతే.

ఎవరికైనా ఫస్ట్ దెబ్బ టైమ్ దగ్గరే. ఇక్కడ గంటల లెక్క తెల్లారినప్పటినుంచి మొదలవుద్ది, మన పొద్దున ఏడు వాళ్ళకి ఒంటిగంట. కొత్తలో ఒక ఆఫీసులో మూడింటికి రమ్మంటే భోంచేసి తీరిగ్గా వెళ్ళా, వాళ్ళు రమ్మంది పొద్దున తొమ్మిదింటికి! కేలండర్ కూడా వేరే, పదమూడు నెలలు, ఏడెనిమిదేళ్ళు వెనక. లీజు కాగితం మీద 2008 అని ఉంటే అది మన 2015-16 అన్నమాట. లీజు అని ఎందుకన్నానంటే ఇక్కడ భూమి కొనడం అనేదే లేదు, మొత్తం ప్రభుత్వానిదే. ఇది చెప్తే మనవాళ్ళు అస్సలు నమ్మరు, "ఎంతైనా ఇద్దాం, రాయించెయ్" అంటారు.

2020 చట్టం ప్రకారం విదేశీయుడు ఒక్కడే పెడితే మామూలుగా కనీసం 2 లక్షల డాలర్లు తేవాలి, లోకల్ పార్ట్‌నర్ ఉంటే లక్షన్నర. అందరూ దీని గురించే గంటలు గంటలు అడుగుతారు. పెట్టిన డబ్బు, లాభం బయటికి ఎట్లా పోద్ది అని మాత్రం ఒక్కడూ అడగడు. ఒక స్పిన్నింగ్ మిల్లు ఓనర్ గారు మా దగ్గరికి రాకముందే సగం పెట్టుబడి ఇక్కడి ఫ్రెండు పర్సనల్ అకౌంట్‌లో వేయించి మెషిన్లు తిప్పేశారు, పని తొందరగా అయిందని సంతోషం కూడా. మూడేళ్ళకి లాభం ఇంటికి పంపుదామంటే బ్యాంకు అడిగిన మొదటి మాట, పెట్టుబడి బయటినుంచి వచ్చినట్టు రిజిస్ట్రేషన్ కాగితం ఏదీ అని. మా అకౌంటెంటావిడా నేనూ వారం రోజులు పాత స్లిప్పులన్నీ తిరగేశాం, అన్నిటిమీదా ఆ ఫ్రెండు పేరే. దేశాన్ని తిట్టాడు పెద్దాయన. నాకైతే దేశం తప్పేం కనపళ్ళేదు, రూల్ మొదటినుంచీ ఉన్నదే.

కాగితాలున్నా డాలర్లు దొరకాలి కదా, అది ఇంకో కథ. స్పేర్ పార్ట్స్ కోసం ఎల్‌సీ, అంటే బయటి సరుక్కి డబ్బు కడతామని బ్యాంకు ఇచ్చే హామీ, అడిగి నెలల తరబడి క్యూలో ఉన్నవాళ్ళని చూశా. 2024 జులైలో ఇక్కడి కరెన్సీ బిర్ రేటుని మార్కెట్‌కి వదిలేశాక డాలర్ 57 బిర్‌ల దగ్గర్నుంచి కొన్ని వారాల్లోనే వంద దాటింది. డాలర్లు కాస్త దొరకడం మొదలైంది కానీ బిర్‌లో లాభం లెక్కేసుకున్నవాళ్ళ షీట్లన్నీ మళ్ళీ మొదటికొచ్చాయి, అవన్నీ మళ్ళీ వెయ్యడానికి నాకు రెండు నెలలు నిద్రలేదు.

ఇంక హవాసా అనే ఊరి సంగతి ప్రతి క్లయింటుకీ చెప్తా. 2016లో అక్కడ ఇండస్ట్రియల్ పార్కు తెరిచారు, సుంకం లేకుండా అమెరికాకి బట్టలు పంపొచ్చని పెద్ద కంపెనీలొచ్చాయి. టిగ్రాయ్ యుద్ధం వల్ల 2022 జనవరి నుంచి అమెరికా ఆ సౌకర్యం తీసేసింది. యుద్ధం ఎక్కడో ఉత్తరాన, ఆర్డర్లు పోయింది దక్షిణాన హవాసాలో. అందుకే ఒక్క దేశం కొనుగోళ్ళ మీదే నడిచే ప్రాజెక్టు రిపోర్టు తెస్తే నేను రెండో పేజీ తిప్పను.

మొన్న కొత్త క్లయింటుని తీసుకుని బ్యాంకుకెళ్ళా. మేనేజరు మొత్తం ఓపిగ్గా విని నవ్వుతూ "ఇషి, నెగె" అన్నాడు. బయటికొచ్చాక ఈయన ఆనందంగా "ఒప్పుకున్నాడు కదూ" అన్నాడు. ఇషి అంటే సరే, నెగె అంటే రేపు, మీ రిటర్న్ టికెట్ వచ్చే వారానికి మార్చుకోండి సార్ అన్నా.