ట్యాంకర్ దగ్గర మొదలైన మాట

పొద్దున్నే ట్యాంకర్ వచ్చింది. బిందెలు పట్టుకుని నిలబడ్డాం. కింద పోర్షన్ పిన్నిగారు అడిగారు, "అమ్మాయ్, తర్లువాడలో కడతారంటున్న ఆ ఏఐ మన నీళ్ళన్నీ తాగేస్తుందంట కదా?"

ఏఐని నడిపే పెద్ద కంప్యూటర్ల కేంద్రం, అదే డేటా సెంటర్ కోసం గూగుల్ విశాఖలో అయిదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో ప్రకటించినప్పటి నుంచి మా వీధిలో ఈ మాట నడుస్తోంది. ఆవిడ భయం ఉత్తది కాదు. అందులో ఉండే కంప్యూటర్లు, అంటే సర్వర్లు, వేడెక్కుతాయి, వాటిని చల్లబరిచే కొన్ని పద్ధతులకు నీళ్ళు బాగా కావాలి. అయినా ఏఐ అనగానే ఆవిడకి ముందు నీళ్ళే గుర్తొచ్చాయంటే, ఆవిడ రోజు బిందెతో మొదలవుతుంది కాబట్టే. మా అమ్మకేమో దొంగ ఫోన్లు. ఎవరైనా ఏఐతో నా గొంతు తెప్పించి డబ్బులడుగుతారేమోనని టెన్షన్.

నా సంగతీ అంతే. నాది మెడికల్ కోడింగ్. పేషెంట్ రికార్డు చదివి, జబ్బుకీ చికిత్సకీ సరైన కోడ్ వేయాలి. "ఏఐ తప్పులు చేస్తుంది, చివరికి మనిషి చూడాల్సిందే" అని ఆఫీసులో రోజూ అంటుంటాను. అందులో నిజం ఉంది. కానీ దాన్ని అంత గట్టిగా పట్టుకున్నది ఇంటి లోన్ ఇంకా పదకొండేళ్ళు ఉందనే.

సాయంత్రం నాన్నతో ఈ మాటే అన్నాను. ఆయన బ్యాంకు గుమాస్తా. 1980ల్లో కంప్యూటర్లు వద్దని బ్యాంకు యూనియన్లు పోరాడినప్పుడు ఆయనా నల్ల బ్యాడ్జి పెట్టుకున్నారు.

"మరి ఆ భయం అబద్ధమేనా నాన్నా?"

కాసేపు ఆలోచించారు. "నా ఉద్యోగం పోలేదమ్మా. ఆ కంప్యూటర్ మీదే పనిచేసి రిటైరయ్యాను. కానీ నా పక్క సీటాయన రిటైరయ్యాక ఆ కుర్చీలోకి మళ్ళీ ఎవరూ రాలేదు. అప్పుడు మేం మా గురించే భయపడ్డాం, రాబోయేవాళ్ళ గురించి అనుకోలేదు."

అప్పటి నుంచి మనసంతా అదే. మా టీంలో ఎవరినీ తీసేయలేదు, అది చూసే ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉన్నాను. ఈ ఏడాది కొత్తవాళ్ళు ఒక్కరూ చేరలేదని ఇవాళే లెక్క చూసుకున్నాను. దానికి కారణం ఏఐ అని చెప్పలేను. కానీ ఇన్నాళ్ళూ అటువైపు చూడనే లేదు.

పిన్నిగారి అబ్బాయి డిగ్రీ చివరి ఏడాది. "అక్కా, మీ దగ్గర ఫ్రెషర్స్‌ని తీసుకుంటున్నారా?" అని వారం కింద మెసేజ్ పెట్టాడు. చూద్దాంలే అని వదిలేశాను. ఇప్పుడు రాశాను: "ఈ ఏడాది తీసుకోలేదురా. ఆదివారం పైకి రా, ఇంకెక్కడ ప్రయత్నించాలో కూర్చుని చూద్దాం."