పలకని ఐపాడ్‌తో ఒక ఆదివారం

చాలాకాలంగా సొరుగులో పడి ఉన్న ఐపాడ్ క్లాసిక్‌ను, అంటే ఆపిల్ కంపెనీ పాటల ప్లేయర్‌ను, ఈ రోజు పనిగట్టుకుని బయటికి తీశాను. ఏ బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. 2007లో మొదలై 2014లో ఆగిపోయిన ఈ రకం ప్లేయర్లలో పాటలు ఉండేది చిప్‌లో కాదు, 1.8 అంగుళాల హార్డ్ డిస్క్‌లో. కాబట్టి బ్యాటరీ అయిపోయిందా, డిస్క్ పాడైందా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

వెనుక పలక ఎక్కడైనా ఉబ్బిందేమోనని ముందు తడిమి చూశాను. ఉబ్బిన బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టడం కోరి ప్రమాదం తెచ్చుకోవడమే. అలాంటిదేమీ కనిపించకపోవడంతో, కేబుల్ పెట్టే సాకెట్‌లో పేరుకున్న దుమ్మును పొడి బ్రష్‌తో దులిపి ఛార్జింగ్‌కు పెట్టాను. లిథియం బ్యాటరీ మరీ అడుగంటినప్పుడు ఛార్జింగ్ సర్క్యూట్ ఒక్కసారిగా పూర్తి కరెంటును పంపదు. కొంత వోల్టేజి పుంజుకునేదాకా చాలా తక్కువ కరెంటే ఎక్కిస్తుంది. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది కనుక చాలామంది ఇక్కడే ఆశ వదులుకుంటారు. నేను దాన్ని అలాగే వదిలేసి వేరే పనులు చూసుకున్నాను.

మధ్యాహ్నం, బటన్లు పనిచేయకుండా ఆపే హోల్డ్ మీటను ఒకసారి అటూ ఇటూ జరిపి, మెనూ బటన్‌ను, మధ్య బటన్‌ను కలిపి ఎనిమిది సెకన్ల దాకా నొక్కి పట్టుకుని రీసెట్ చేశాను. లోగో వెలిగింది. కానీ కాసేపటికే ఆరిపోయి మళ్ళీ వెలిగింది, మళ్ళీ ఆరింది. ప్లేయర్‌ను చెవికి ఆనిస్తే లోపల డిస్క్ తిరగబోయి ఆగినట్లు చిన్నగా టిక్కుమంటోంది. అంటే బ్యాటరీ కోలుకుంది, చిక్కంతా డిస్క్‌తోనే.

ఈ దశలో ఎవరిని అడిగినా రిస్టోర్ చేయమనే, అంటే ప్లేయర్‌ను కొత్తదానిలా మొదటి స్థితికి తెమ్మనే చెబుతారు. నా మటుకు అది చిట్టచివర చేయవలసిన పని, ఎందుకంటే రిస్టోర్ చేస్తే ఉన్న పాటలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. అందుకే మళ్ళీ రీసెట్ చేసి, లోగో కనబడగానే మధ్య బటన్‌ను, ప్లే బటన్‌ను కలిపి పట్టుకుని డిస్క్ మోడ్‌లోకి వెళ్ళాను. అప్పుడు కంప్యూటర్ దాన్ని మామూలు డ్రైవ్‌గా గుర్తించింది. పాటలు అక్కడ నేరుగా కనిపించవు. దాచిన ఫైళ్ళను చూపమని కంప్యూటర్‌కు చెబితే, ఐపాడ్ కంట్రోల్ అనే ఫోల్డర్‌లోని మ్యూజిక్‌లో ఎఫ్00, ఎఫ్01 అంటూ వరుసగా ఫోల్డర్లు బయటపడతాయి. వాటిలోని ఫైళ్ళకు అర్థంపర్థం లేని నాలుగు అక్షరాల పేర్లుంటాయి. చూడగానే గుండె జారుతుంది గానీ, పాట పేరు, గాయకుల పేరు ట్యాగ్ రూపంలో ఫైలు లోపలే భద్రంగా ఉంటాయి కాబట్టి, ఏ మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌కు అప్పగించినా వాటిని చదివి మళ్ళీ సక్రమంగా అమర్చిపెడుతుంది. కొన్ని ఫైళ్ళ దగ్గర కాపీ మొరాయించింది. వాటిని వదిలేసి మిగిలినవి తీసుకున్నాను.

ఆ తరువాత, లోగో వచ్చినప్పుడు మధ్య బటన్‌తో పాటు వెనుకటి పాటకు వెళ్ళే బటన్‌ను పట్టుకుంటే తెరుచుకునే డయాగ్నోస్టిక్ మెనూలో డిస్క్ ఆరోగ్యం చూశాను. పెండింగ్ సెక్టార్లు, అంటే డిస్క్ సరిగా చదవలేకపోతున్న భాగాలు, సున్నా కాదు. ఆ అంకె చూశాక డిస్క్ మీద నాకు నమ్మకం పోయింది. అయినా రిస్టోర్ చేస్తే చాలాసేపటికి పూర్తయి, ప్లేయర్ మామూలుగా తెరుచుకుంది, పాటలు కూడా వినిపించింది.

ఈ డిస్క్ స్థానంలో మెమరీ కార్డు అమర్చే అడాప్టర్లు దొరుకుతాయి. కార్డులో తిరిగే భాగాలు ఉండవు, బ్యాటరీ ఖర్చూ తగ్గుతుంది. అయితే క్లిప్పులతో బిగుసుకుపోయిన ఆ లోహపు పెట్టెను వంకరపోకుండా విప్పడం అసలు పరీక్ష, దానికి సన్నని పనిముట్లు సమకూర్చుకోవాలి. అంతవరకూ, కాపాడుకున్న పాటలకు వేరే డిస్క్‌లో మరో నకలు తీసి ఉంచి, ప్లేయర్‌లోకి మాత్రం పోయినా ఫరవాలేదనుకున్న ఆల్బమ్‌లే ఎక్కించాను.