వెనక చక్రానికి రెండు వైపులా పళ్లు

ఆదివారం, ముషీరాబాద్.

ఉదయం ఎనిమిది గంటలకే షెడ్డు తలుపు తీశాను. 1930ల నాటి టూర్ ద ఫ్రాన్స్ పందెపు సైకిలు నమూనాను చేత్తో కట్టడం మొదలుపెట్టి ఇది పదకొండో వారం. దీన్ని తొక్కే ఉద్దేశం లేదు, శిల్పంగా నిలబెడితే చాలు. అందుకే కొలతలకు పాత ఫొటోలను మాత్రమే నమ్ముకున్నాను; ఆ నమ్మకమే ఈ రోజు నా చేత ఒకే పనిని రెండుసార్లు చేయించింది.

ఆ పందెంలో గేర్లు మార్చే డెరైలరును 1937లోగానీ అనుమతించలేదు. పందేన్ని ఏళ్ల తరబడి నడిపిన ఆంరీ దెగ్రాంజ్‌కు ఆ పరికరం గిట్టేది కాదు. గెలుపు కండబలానిదే కావాలన్నది ఆయన పట్టుదల. అందువల్ల రైడర్లు వెనక హబ్బుకు రెండు వైపులా పళ్ల చక్రాలు బిగించుకునేవారు. 2,115 మీటర్ల ఎత్తున్న తూర్మలే కనుమ లాంటిది ఎదురైతే దిగి, రెక్కల నట్లు విప్పి, చక్రాన్ని ఊడదీసి, అటుది ఇటు తిప్పి, పళ్లు ఎక్కువున్న వైపుకు చెయిను ఎక్కించుకుని కొండెక్కేవారు. అవతలి వైపు దిగేటప్పుడు మళ్లీ అదే తంతు. చలికి కొంకర్లుపోయిన వేళ్లతో ఆ నట్లు ఎలా విప్పారో నాకు ఊహకందదు. 1927 నవంబరులో ఇటలీ కొండల్లో తుల్లియో కాంపన్యోలో అనే పందెగాడికి సరిగ్గా ఆ నట్ల దగ్గరే చిక్కొచ్చి పడిందనీ, నట్లు విప్పే పని లేకుండా మీట తిప్పి చక్రాన్ని ఊడదీసే, 1930లో ఆయన పేటెంటు తీసుకున్న క్విక్ రిలీజుకు అదే మూలమనీ చెప్పుకుంటారు.

హబ్బుకు రెండో వైపు థ్రెడ్డు బాలానగర్‌లో లేత్ మీద కోయించి, ఒక వైపు 18 పళ్లు, మరో వైపు 22 పళ్లు బిగించాను. ఇరుసు కూర్చునే పలకల్లో గాడిని మాత్రం ఫొటోలో చూసిన అందాన్ని బట్టి కురచగా కోశాను. ఇవాళ చక్రాన్ని 22 పళ్ల వైపుకు తిప్పితే చెయిను అందలేదు.

పంచర్ షాపు చాచా చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చి, వంగి చూసి, "చక్రం ముందుకు జరగాలంటే జాగా ఏది బేటా?" అన్నాడు.

లెక్క వేసి చూస్తే ఆయన మాటే నిజం. చెయిను లంకెకూ లంకెకూ మధ్య దూరం 12.7 మిల్లీమీటర్లు, నాలుగు పళ్లు పెరిగితే ఇరుసు దాదాపు 12 మిల్లీమీటర్లు ముందుకు జరగాలి. నేను వదిలింది ఎనిమిదే. పొడుగాటి గాడి అందం కోసం కాదు, కొండ కోసం ఉందన్నమాట. "ఎవరు తొక్కుతారు చాచా, నిలబెట్టేదే కదా" అన్నాను గానీ, ఆ మాట నా నోటికే రుచించలేదు. తిరగని చక్రానికి రెండు వైపులా పళ్లెందుకు?

గ్యాస్ మంటతో పాత అతుకులు కరిగించి పలకలు లాగేశాను. అయిదు మిల్లీమీటర్ల ఇనుప రేకు నుంచి, గాడి పొడుగు పెంచి, కొత్తవి కోసి ఆకురాయితో సరిచేసేసరికి మధ్యాహ్నం మూడయింది. అన్నం సంగతి మరిచేపోయాను. వెలిగారం పూసి, ఇనుము నారింజ రంగుకు తిరిగేదాకా కాచి, ఇత్తడి కడ్డీ ఆనిస్తే, కరిగిన ఇత్తడి వేడి ఉన్న వైపుకే పాకి సందులోకి దిగిపోతుంది. ఎడమ అతుకు శుభ్రంగా కుదిరింది. కుడి దాన్ని కాస్త ఎక్కువ కాల్చాను. అక్కడ ఆకురాయి పని మిగిలింది.

సాయంత్రం అతుకులు చల్లారాక చక్రం బిగించి చూశాను. 18 నుంచి 22కు మార్చడానికి నాకు నాలుగు నిమిషాలు పట్టింది, అదీ నీడలో, స్టాండు మీద. చాచా ఒకసారి పెడలు తిప్పి, చెవి దగ్గరగా పెట్టి విని, చెయిను ఇంకొంచెం వదులు చేయమన్నాడు. చేశాను. ఆ తరువాత చక్రం తీసేసి, అతుకుల మీద గాజులా గట్టిపడిన వెలిగారం మెత్తబడేందుకు ఫ్రేము వెనక భాగాన్ని వేడినీళ్ల బకెట్టులో నానేసి ఇంటికి వచ్చాను.