బాబ్ కాదు, రోబెర్టో

పిట్స్‌బర్గ్‌లో స్థిరపడిన మాకు రోబెర్టో క్లెమెంటే చాలాకాలం అలెగెనీ నది మీది ఒక వంతెన పేరుగానే తెలుసు. బేస్‌బాల్ ఆట చూడడానికి ఆ వంతెన మీదుగా నడిచి వెళ్తున్నప్పుడు, ఆయన ఎవరని మా అబ్బాయి అడిగాడు. అప్పటికే బడిలో వాడి పేరును, అంటే మా నాన్నగారి పేరును, రెండక్షరాలకు కుదించేశారు. ఇంట్లోనూ అలాగే పిలవమని వాడు అడగడం నన్ను బాధపెట్టింది. అందుకే క్లెమెంటే గురించి శ్రద్ధగా చదివి చెప్పాను.

క్లెమెంటే 1934లో ప్యూర్టో రికోలోని కరోలినాలో పుట్టారు. తండ్రి చెరకు తోటల్లో మేస్త్రీ. 1955 నుంచి 1972 వరకు 18 సీజన్లు పిట్స్‌బర్గ్ బేస్‌బాల్ జట్టు పైరేట్స్‌కే ఆడి, మైదానం కుడివైపు కాపలా కాసే రైట్ ఫీల్డ్‌లో ఉత్తమ ఫీల్డింగ్‌కు ఇచ్చే గోల్డ్ గ్లవ్‌లు 12, బ్యాటింగ్‌లో నాలుగు టైటిళ్లు సాధించారు. అయినా బేస్‌బాల్ కార్డుల మీద ఆయన పేరును ఇంగ్లీషు పద్ధతిలో కుదించి 'బాబ్' అని అచ్చువేసేవారు. విలేకరులు ఆయన ఇంగ్లీషు మాటలను యాసతో సహా రాసి నవ్వులపాలు చేసేవారు. తన పేరు రోబెర్టో అని ఆయన పట్టుబట్టి చెప్పేవారు.

అమెరికా బేస్‌బాల్ విజేతను తేల్చే వరల్డ్ సిరీస్‌లో, 1971లో, .414 బ్యాటింగ్ సగటుతో, అంటే పదింట నాలుగుసార్లకు పైగా బంతిని కొట్టి బేస్ చేరుతూ ఆడి, చివరి ఆటలో హోమ్ రన్ కొట్టి జట్టును గెలిపించాక, టీవీ కెమెరా ముందు ఆయన మొదట స్పానిష్‌లోనే మాట్లాడి, పిల్లలను దీవించి, తల్లిదండ్రుల దీవెన కోరారు. పండుగనాడు వీడియో కాల్‌లో తాతయ్యకు దండం పెట్టే మా అబ్బాయికి ఇది వివరించి చెప్పాల్సిన అవసరం రాలేదు. నా దృష్టిలో ఆయన జీవితంలో ఇంతకంటే గొప్ప ఘట్టం ఒక్కటే ఉంది.

1972 సెప్టెంబరు 30న ఆయన తన 3000వ హిట్ (బంతిని కొట్టి బేస్ చేరడం) కొట్టారు. డిసెంబరులో నికరాగువా రాజధాని మనాగ్వాను భూకంపం కూల్చేసింది. తాను పంపిన సహాయ సామగ్రి బాధితులకు చేరడం లేదని విని, 31వ తేదీ రాత్రి స్వయంగా విమానమెక్కారు. అది సాన్ హువాన్ తీరం దాటగానే సముద్రంలో కూలింది. ఆయనకు 38 ఏళ్లు.

ఆట మానేశాక అయిదేళ్లు ఆగాలన్న నియమాన్ని పక్కనపెట్టి 1973లో ఆయనను బేస్‌బాల్ దిగ్గజాల గౌరవ మందిరమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. అయితే తల్లి ఇంటిపేరు (ఆయనకు వాకర్) చివర రావలసిన స్పానిష్ పద్ధతి తెలియక ఫలకం మీద 'రోబెర్టో వాకర్ క్లెమెంటే' అని పోతపోశారు. 2000లో కొత్త ఫలకం చేయించి 'రోబెర్టో క్లెమెంటే వాకర్' అని సరిదిద్దారు. ఇది విన్న మా వాడు, మనకు ఇంటిపేరు ముందెందుకు వస్తుందని అడిగి, ఒక కాగితం మీద తన పూర్తి పేరు తెలుగులో రాయించుకున్నాడు.