గీతలు చెరిగిన వేళ్లు

పలాస జీడిపప్పు గురించి మాట్లాడుకునేటప్పుడు గుండు (విరగని పప్పు) ఎంత, బద్ద ఎంత, ఈ ఏడు ధర ఎలా ఉంది అన్న మాటలే వినిపిస్తాయి గాని, ఆ పప్పును పెంకులోంచి బయటికి తీసే చేతుల ప్రస్తావన చాలా అరుదుగా వస్తుంది. పలాసను ఆనుకుని ఉన్న కాశీబుగ్గలో ఉంటున్నందువల్ల ఆ చేతులను నేను దగ్గరగా చూస్తూ వచ్చాను. కరుణ గురించి, న్యాయం గురించి నాకున్న ఆలోచనలన్నీ వాటి చుట్టూనే తిరుగుతాయి.

జీడిపిక్క పెంకులో రెండు పొరల నడుమ చిక్కటి నూనె ఉంటుంది. రంగుల తయారీలోనూ, బండ్ల బ్రేకు లైనింగుల్లోనూ వాడే విలువైన సరుకది. చర్మానికి తగిలితే మాత్రం బొబ్బలెక్కిస్తుంది. పిక్కలను కాల్చినా, ఆవిరిలో ఉడికించినా, పెంకు పగలగొట్టేటప్పుడు అది వేళ్లకు అంటక మానదు. ఆముదమో బూడిదో రాసుకుని ఆడవాళ్లు పనికి కూర్చుంటారు. చేతి తొడుగులు వేసుకోవచ్చు కదా అని అడగడం తేలికే. కానీ కిలోల లెక్కన కూలి కట్టేచోట, తొడుగు వల్ల చేయి నెమ్మదించిందంటే ఆ మేరకు ఇంటికి చేరే డబ్బు తగ్గినట్టే. ఏళ్ల తరబడి ఈ పని చేసినవారి బొటనవేలు చూడండి: కొస నల్లబడి, తోలు పొరలుగా లేచి, గీతలుండవలసిన చోట నున్నగా అరిగిపోయి ఉంటుంది.

ఆ వేలినే రేషను దుకాణంలో యంత్రం మీద పెట్టమంటారు. ఒకసారి నా ముందున్న పెద్దావిడ వేలు పెట్టింది, తీసింది, చీర చెంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది, తర్వాత పక్క వేలు పెట్టింది, యంత్రం ఒప్పుకోలేదు. "నా ఏళ్లకి గీతలు నేవంట బాబూ, మల్లీ రమ్మంతన్నారు" అని, తప్పు తనదే అయినట్టు నాతో చెప్పి పక్కకు తప్పుకుంది. వరుసలో వెనకనున్నవారు విసుక్కున్నారు. వారిలో చెడ్డవారెవరూ లేరు, అందరికీ పనులున్నాయి. ఒక్కరు మాత్రం సంచి పట్టుకుని, ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, కనుపాప యంత్రంతో చూడమని దుకాణదారును అడిగారు. ఆ రోజు ఆమెకు బియ్యం దొరికాయి.

ఆ సాయం చాలా గొప్పది. అయినా నా మనసు కుదుటపడలేదు. జాలిగల మనిషి వరుసలో లేని నెలలో ఆమె సంగతేమిటి? మన నోటికి పప్పు అందించే పనిలోనే ఆమె వేలిగీతలు పోయాయి. తాను తానేనని నిరూపించుకోవడానికి తిరిగి ఆ గీతలనే మనం అడుగుతున్నాం. ఇది ఒక దుకాణదారు కఠినత్వం వల్ల వచ్చిన కష్టం కాదు కాబట్టి, ఒక దుకాణదారు మంచితనంతో తీరేదీ కాదు. కరుణ నిజమైనదైతే, ఎదుటి మనిషి మనకు దండం పెట్టవలసిన అవసరమే లేకుండా చేయాలని ఆరాటపడుతుందని నేను నమ్ముతాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా ఉద్దానం ప్రాంతపు తోటలను పడగొట్టినప్పుడు ఎక్కడెక్కడి నుంచో బియ్యం, దుప్పట్లు వచ్చాయి. ఆ ఉదారతను ఈ ప్రాంతం మరచిపోదు. కూలిన జీడిచెట్టు అందరి కంటికీ కనిపిస్తుంది. అరిగిన వేలు కనిపించాలంటే ఆ మనిషి పక్కన కాసేపు నిలబడాలి.

చట్టంలో ఆమెకు చోటు లేక కాదు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం ప్రాధాన్యతా కుటుంబాల్లో ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల ఆహారధాన్యం హక్కు. అంత్యోదయ (నిరుపేద) కుటుంబానికి 35 కిలోలు. అర్హులకు ధాన్యం అందకపోతే ఆహార భద్రతా భత్యం చెల్లించాలని, ఫిర్యాదులు వినడానికి జిల్లాకొక అధికారి ఉండాలని అదే చట్టం చెబుతోంది. ఈ సంగతులు తెలిసిన మనం వాటిని మనలోనే దాచుకుంటున్నాం. తెలియవలసిన ఆమె మాత్రం "మల్లీ రమ్మన్నారు" అనుకుని ఒక పూట కూలి పోగొట్టుకుని ఇంకోసారి నడిచి వస్తోంది.

నాకు తోచినవి చిన్న పనులే. వేలిముద్ర పడనివారికి వేరే మార్గం ఉందని ప్రతి రేషను దుకాణం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. చదవలేనివారికి దుకాణదారే నోటితో చెప్పాలి. ఎవరినైనా వెనక్కి పంపితే ఎందుకు పంపారో రాసి ఇవ్వాలి. జీడి పరిశ్రమల యజమానులు తొడుగులు ఇవ్వడంతో సరిపెట్టకుండా, వాటితో పని చేసినా గిట్టుబాటయ్యేలా కిలో కూలిని సవరించాలి. ఇక మనం, చదువుకున్నవాళ్లం, సరుకులిచ్చే రోజుల్లో ఓ గంట అక్కడ నిలబడి, వెనుదిరిగినవారి తరఫున రేషను ఫిర్యాదుల కోసం ఉన్న 1967 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించగలం. మా వీధిలో ఇద్దరు ముగ్గురం వచ్చే నెల నుంచి వంతులవారీగా ఈ పని చేద్దామనుకుంటున్నాం. జీడి పని చేసేవారు ఉన్న వీధుల వారెవరైనా కలిసి రాదలిస్తే సంతోషం.