మొక్కల ట్యాంకుకు రోజుకి ఎన్ని గంటల లైటు? మా తిరుపతి ఎండలకు సరిపడే లెక్క

మొక్కల ట్యాంకు, అంటే నీటి మొక్కలు పెంచే చేపల తొట్టి, కొత్తగా పెట్టినవాళ్లు ఎవరు కలిసినా మొదట అడిగేది లైటు ఎన్ని గంటలు వేయాలనే. నా సమాధానం ఒకటే, మొదటి రెండు నెలలు ఆరు గంటలు. మొక్కలు వేళ్లు పట్టి, కొత్త ఆకులు వేసి, గాజు మీద పాచి అదుపులో ఉంటే వారానికి ఓ అరగంట చొప్పున ఎనిమిది దాకా పెంచుకోవచ్చు. అంతకు మించి వేయాల్సిన అవసరం చాలా ఇళ్లలో రాదు.

దీనికి వెంటనే వచ్చే ప్రశ్న నాకు తెలుసు. చెరువులో మొక్కలకి పన్నెండు గంటల ఎండ ఉంటుంది కదా, మనం ఆరుతో సరిపెడితే ఎలా అని. తిరుపతిలో పగలు జూన్‌లో దాదాపు 13 గంటలు, డిసెంబరులో 11 గంటల పైచిలుకు, నిజమే. కానీ పొద్దున, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతుంది, అందులో కొంత భాగం నీటి మీద తగిలి వెనక్కి పోతుంది, లోపలికి గట్టిగా దిగేది నడిమధ్యాహ్నం చుట్టూ ఉండే కొన్ని గంటలే. మన ఎల్‌ఈడీ అలా కాదు, స్విచ్ వేసిన మొదటి నిమిషం నుంచి ఆపే దాకా ఒకే తీవ్రతతో కొడుతూ ఉంటుంది. అందుకే గంటలకు గంటలు పోల్చి చూడటం సరికాదు.

ఇంకో ముఖ్యమైన విషయం, లైటు చాలనప్పుడు గంటలు పెంచితే చాలదు. రోటాలా లాంటి ఎర్ర మొక్కకి కావలసిన తీవ్రత మీ లైటుకి లేకపోతే పన్నెండు గంటలు వేసినా అది ఎర్రబడదు, కాడ మాత్రం సన్నగా పైకి సాగిపోతుంది. అటువైపు లైటు మరీ ఎక్కువైతే నీళ్లలో కార్బన్ డయాక్సైడ్, పోషకాలు అయిపోయిన తర్వాత మొక్క దాన్ని వాడుకోలేదు, కడుపు నిండినవాడి విస్తట్లో ఇంకా వడ్డించినట్టే. మిగిలిన వెలుతురు పాచికి పనికొస్తుంది. అప్పుడు ముందు లైటును కాస్త పైకి ఎత్తండి, లేదా డిమ్మర్ ఉంటే తగ్గించండి, గంటల జోలికి ఆ తర్వాత వెళ్లండి. అనూబియాస్, జావా ఫెర్న్ లాంటి నిదానపు మొక్కలే ఉంటే తక్కువ లైటు ఏడు గంటలు వేస్తే చాలు. ఎక్కువ లైటు పడితే వాటి ఆకుల మీదే ముందు పచ్చటి చుక్కలు వస్తాయి. మీ ట్యాంకులో లిమ్నోఫిలా అనే సన్న ఆకుల మొక్క ఉంటే దాన్ని గమనించండి, లైటు ఇంకా వెలుగుతుండగానే కొసల ఆకులు దగ్గరికి ముడుచుకుంటున్నాయంటే ఆ రోజుకి దానికి సరిపోయిందని అర్థం.

ఇక ఏ వేళల్లో వేయాలి? నేను సాయంత్రం వైపే గట్టిగా చెప్తాను. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో 40 డిగ్రీలు దాటడం మామూలే, మిద్దె పై అంతస్తులో ఉన్న ట్యాంకైతే మధ్యాహ్నానికి నీళ్లు గోరువెచ్చగా అయిపోతాయి. ఆ వేడికి మూత మీద ఉన్న లైటు వేడి కూడా తోడు కావడం ఎందుకు? పైగా పగలంతా ఆఫీసులో ఉండి, లైటు ఆరిపోయాక ఇంటికి వస్తే ఆ ట్యాంకు ఎవరి కోసం? మా ఇంట్లో మధ్యాహ్నం మూడున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా వెలుగుతుంది. కిటికీ ఎండ నేరుగా గాజు మీద పడకుండా తెర వేసి ఉంచుతాం, ఎందుకంటే ఆ ఎండ కూడా లెక్కలోకి వస్తుంది, టైమర్‌లో మాత్రం కనబడదు.

మధ్యాహ్నం విరామం పద్ధతి గురించి కూడా చెప్పాలి. అడుగున మట్టి వేసి, విడిగా కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ ఎక్కించకుండా ట్యాంకు నడిపే పద్ధతికి పేరు తెచ్చిన డయానా వాల్‌స్టాడ్ పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు, మధ్యలో నాలుగు గంటల విరామం పెట్టుకోమంటారు. లైటు ఉన్నంతసేపు మొక్కలు నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్‌ని తినేస్తాయి, విరామంలో మట్టి నుంచి, చేపల శ్వాస నుంచి అది మళ్లీ చేరుతుంది, ఇదీ ఆ పద్ధతి వెనకున్న కారణం. ఉదయం పూజ వేళ, రాత్రి భోజనం వేళ ట్యాంకు వెలుగుతూ ఉండాలనుకునే ఇళ్లకి ఇది బాగా కుదురుతుంది. విరామం వల్ల పాచి చచ్చిపోతుందని చెప్పేవాళ్లూ ఉన్నారు, ఆ మాట మాత్రం నేను నమ్మను. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉన్నవాళ్లకి విరామం అక్కర్లేదు. లైటుకు గంటో రెండు గంటలో ముందు గ్యాస్ మొదలుపెట్టి, లైటు ఆరడానికి గంట ముందు ఆపేయండి. లైటు వెలిగే సమయానికి డ్రాప్ చెకర్ (నీళ్లలో ఆ గ్యాస్ ఎంత ఉందో రంగుతో చూపే చిన్న గాజు బుడ్డి) లేత ఆకుపచ్చకి వచ్చి ఉండాలి, పసుపైతే చేపలకి ఎక్కువైనట్టు.

లైటు ఆరాక మొక్కలు కూడా ఆక్సిజన్‌ని తీసుకుంటాయి కాబట్టి తెల్లవారుజామున నీళ్లలో అది బాగా తగ్గుతుంది, వేడి నీళ్లలో అసలే తక్కువ కరుగుతుంది. వేసవిలో చేపలు పొద్దున్నే పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే కారణం ఇదే కావచ్చు. లైటు ఆరిన వెంటనే ఎయిర్ పంపు మొదలయ్యేలా ఇంకో టైమర్ పెట్టండి, ఖర్చు తక్కువ, ఉపయోగం చాలా ఎక్కువ.

చేపలకి చీకటి కూడా కావాలి. దర్శనానికి వచ్చే చుట్టాలు మన ఊళ్లో ఏ అర్ధరాత్రో దిగుతారు, పిల్లలు ట్యాంకు లైటు వేయమని అడుగుతారు. హాల్లో లైటు వెలుగులో చూపించండి, చేపలు కనబడతాయి. చీకట్లో నిద్రలో ఉన్న చేపల మీద ఒక్కసారిగా లైటు వేస్తే బెదిరి గాజుకి కొట్టుకుంటాయి, కొన్ని బయటికి దూకుతాయి కూడా.

టైమర్ కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. గుండ్రంగా తిరిగే పిన్నుల టైమర్ కరెంటు పోయినప్పుడు ఆగిపోతుంది, రెండు గంటలు పోతే మీ షెడ్యూల్ కూడా రెండు గంటలు ఆలస్యమవుతుంది. వేసవిలో కోతలు ఎక్కువగా ఉండే వీధుల్లో వారం తిరిగేసరికి లైటు ఎప్పుడు వెలుగుతుందో ఎవరికీ తెలియదు. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ తీసుకుంటే ఆ ఇబ్బంది లేదు. ఇన్వర్టర్ ఉంటే దాని మీద ఫిల్టరు, ఎయిర్ పంపు పెట్టండి, లైటు వద్దు. ఒక పూట లైటు లేకపోయినా మొక్కలకి ఏమీ కాదు, ఫిల్టరు గంటలకొద్దీ ఆగితే మాత్రం అందులోని మంచి బ్యాక్టీరియా దెబ్బతింటుంది.